తిరుగు వరుస

మార్చి 3, సోమవారం

డైరీ రాయడం మా విభాగంలో ఎవరికీ అలవాటు లేదు, ఉండకూడదు కూడా. నా గది బయట బోర్డు మీద ‘అణు రక్షణ విధానం’ అని ఉంటుంది. ఆ బోర్డు కింద కూర్చునేవాళ్ళు కిరాణా చీటీ రాసుకున్నా చించి పారేయాలని, కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెబుతాను. అయినా రాస్తున్నాను. అంకెలు రాయను, సంకేతాలు రాయను, పేర్లు అసలే రాయను. నా గోల నేను రాసుకుంటే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు.

లోపల కుతకుతలాడుతోంది, అందుకే రాస్తున్నాను. మా కార్యదర్శిగారు మే నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ ఇస్త్రీ. ఇస్త్రీ అంటే నా పక్క గది అధికారి. పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు కూడా మడత నలగదు. ఆ పేరు నేనే పెట్టాను, ఆయనకి తెలీదు. మంచివాడే. ఆ కుర్చీ మీద నాకు ప్రత్యేకంగా ఆశేమీ లేదు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

ఇవాళ ఇస్త్రీ మంత్రిగారి గదిలోకి రెండుసార్లు వెళ్ళొచ్చాడు.

ఇంట్లో అమ్మాయి పెళ్ళి పనులు. వచ్చే నెల ఇరవై ఏడున. కార్డులు అందరికీ వెళ్ళిపోయాయి, ఒక పెద్ద పని అయిపోయింది.

మార్చి 6, గురువారం

ఇవాళ డ్రిల్లు. ఏటా ఒకసారి, నేల కింద గదిలో, ఉత్తుత్తి కసరత్తు. కిటికీలు లేవు, తలుపుకి మాత్రం అరచెయ్యంత అద్దం ఉంటుంది.

అక్కడ జరిగేదేమిటంటే, అణ్వాయుధం వదలమనే ఆజ్ఞని నలుగురు ముక్కలుగా చదువుతారు. మొదట చదివినవాడికి మిగతా ముక్కలు తెలియకూడదు. అందుకని మొదటి గొంతు, అంటే మొదట చదివే అధికారి, తన ముక్క చదవగానే గదిలోంచి బయటికి వెళ్ళిపోవాలి. అది పాత నియమం, మంచి నియమమే. తర్వాత రెండోవాడు, మూడోవాడు, నాలుగోవాడు. ఆఖరున “పంపాం” అంటారు. అందరం చప్పట్లు కొడతాం. మొదటాయన వెళ్ళగానే తాళం పడిన తలుపు, డ్రిల్లు ముగిసిందని రాస్తేనే మళ్ళీ తెరుచుకుంటుంది. బయట వరండాలో టీ బండి సిద్ధంగా ఉంటుంది.

నేను చేరినప్పటి నుంచీ ఇంతే. “పంపాం” తర్వాత టీ.

ఇవాళ చప్పట్లు ఆగాక ఏమనిపించిందో, “ఇప్పుడు మన మీద దాడి అన్న కబురే తప్పని తేలిందనుకోండి, ఏం చేస్తాం?” అన్నాను.

సైన్యం తరఫున వచ్చే మీసాలాయన నవ్వాడు. “వదిలిన బాణం మేడం. ఇంకేం చేస్తాం?”

“ఇంకా వదల్లేదండీ. మన మాట ఆయుధాల దగ్గరున్నవాళ్ళకి చేరి, వాళ్ళు పని మొదలుపెట్టేలోపు వెనక్కి తీసుకోవచ్చని నియమాల పుస్తకంలో ఉంది.”

పుస్తకం తిరగేశారు. ఆజ్ఞ పంపడానికి పేజీలకి పేజీలున్నాయి. వెనక్కి తీసుకోవడానికి ఒక్క వాక్యం: ‘నిలుపుదల: పై విధంగానే, తిరుగు వరుసలో.’

“సరే, చేసేద్దాం. టీ ఎక్కడికీ పోదు” అన్నాడు ఇస్త్రీ.

నాలుగోవాడు చదివాడు. మూడోవాడు చదివాడు. రెండో గొంతు ఇస్త్రీదే, ఆయనా చదివాడు. ఇక మొదటాయన చదవాలి. మొదటాయన గదిలో లేడు. నియమం ప్రకారం ఎప్పుడో బయటికి వెళ్ళిపోయాడు. ఆయన చదివితే గానీ డ్రిల్లు ముగియదు. డ్రిల్లు ముగిస్తే గానీ తలుపు తెరుచుకోదు. గదిలోకి ఫోన్లు తేకూడదు కాబట్టి ఎవరి దగ్గరా ఫోన్ లేదు.

మీసాలాయన వెళ్ళి తలుపు మీద దబదబా బాదాడు. అద్దం వెనక మొదటాయన కనిపించాడు. చేతిలో టీ. మమ్మల్ని చూసి కప్పు పైకెత్తి నవ్వాడు. పాపం, డ్రిల్లు బాగా జరిగిందని చెబుతున్నాం అనుకున్నాడు.

మార్చి 7, శుక్రవారం

మొదటాయన కప్పెత్తినప్పుడు గదిలో ఎవరూ నవ్వలేదని నిన్న రాయడం మరిచాను.

మార్చి 10, సోమవారం

డ్రిల్లు రిపోర్టు రాయాల్సింది నేనే. కార్యదర్శిగారు పిలిచారు. తలుపు వేయమన్నారు.

“ఏమ్మా, ఆ తలుపు సంగతి కూడా రిపోర్టులో పెడతావా?”

“పెట్టకపోతే ఎలా సార్?”

“మంత్రిగారు వచ్చే నెల సభలో మాట్లాడబోతున్నారు. మన ఏర్పాట్లలో ఈగ దూరే సందు కూడా లేదని చెప్పబోతున్నారు. ఆ పక్క వారమే నా కుర్చీకి మీ ఇద్దరిలో ఒకరిని ఎంపిక చేసే బోర్డు. ఇప్పుడు నువ్వెళ్ళి సందేమిటి, సింహద్వారమే బిగుసుకుపోయింది అంటే ఎవరికి బాగుంటుంది చెప్పు? ఒక్క వాక్యం తీసెయ్. ముందు నా కుర్చీలో కూర్చో. కూర్చున్నాక నీ ఇష్టం, తలుపే పీకించెయ్.”

తెలివైన మాట. ఆయన నా మంచి కోరి చెప్పారు. కుర్చీలో ఉంటేనే కదా దేన్నైనా బాగుచేయగలిగేది. కుర్చీ కోసం కాదు, బాగుచేయడం కోసం.

మార్చి 16, ఆదివారం

పొద్దుటి నుంచీ గది తలుపు వేసుకుని రిపోర్టు చూశాను. అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. తర్వాత మాట్లాడదాం అన్నాను. మళ్ళీ కొట్టింది. పని ఉంది తల్లీ అన్నాను. పెళ్ళి బట్టల గొడవే అయ్యుంటుంది.

ఆ వాక్యం ఇంకా రిపోర్టులోనే ఉంది.

మార్చి 19, బుధవారం

అమ్మాయి పెళ్ళి వద్దంటోంది.

భోజనాల దగ్గర, పెరుగు వడ్డించుకుంటూ చెప్పింది. మా అమ్మాయి కళ్ళ ఆసుపత్రిలో అద్దాలు పరీక్షించే పని చేస్తుంది. ఏది చెప్పినా ‘ఇది స్పష్టంగా ఉందా, ఇదా?’ అని అడిగినట్టే మెల్లగా చెబుతుంది.

“అబ్బాయి మంచివాడేనమ్మా. నేనూ మంచిదాన్నే. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే మాటే రావట్లేదు. రైలు కోసం కూర్చున్నవాళ్ళలా ఉంటున్నాం. నాకొద్దు.”

“ముందే చెప్పొచ్చుగా?”

“ఆదివారం చెబుదామనే వచ్చాను.”

ఆ మాట దాటేశాను. మిగతాది మాత్రం గట్టిగానే అన్నాను. కార్డులు వెళ్ళిపోయాయి. మాట బయటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నలుగురిలో లోకువైపోతాం. పెళ్ళయ్యాక అవే సర్దుకుంటాయి.

మా ఆయన పశువుల డాక్టరు. ఆయనకి లోకమంతా దొడ్డి. “గేదెని కూడా ఇష్టం లేకుండా బండెక్కించలేమోయ్” అన్నారు.

“అది గేదె కాదు, మీ కూతురు.”

“నేనూ అదే అంటున్నాను.”

అత్తయ్య కంచంలోంచి తల ఎత్తారు. నా ఉద్యోగం ఏమిటో ఇంట్లో చెప్పకూడదు కాబట్టి ఆవిడ నన్ను కరెంటాఫీసులో పెద్ద ఉద్యోగి అనుకుంటారు. ఎప్పుడో ఎవరో ‘అణువిద్యుత్తు’ అన్నదాంట్లో ఆవిడకి విద్యుత్తు ఒక్కటే వినిపించింది. “ఆ ఆఫీసులో అందరి మీదా అరిచి అరిచి నీకు అలవాటైపోయిందమ్మాయ్” అన్నారు. కరెంటు పోయిన ప్రతిసారీ నన్నే అంటారు. ఇవాళ కరెంటు పోలేదు, అయినా అన్నారు.

మార్చి 20, గురువారం

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. మంచిదే, ఆలోచించుకుంటోంది.

మార్చి 21, శుక్రవారం

ఇంకా ఆలోచించుకుంటోంది.

మార్చి 24, సోమవారం

ఆ వాక్యం తీసేశాను. రిపోర్టు చాలా శుభ్రంగా వచ్చింది. కార్యదర్శిగారు చదివి భుజం తట్టారు.

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. దిండు గట్టిగా ఉంది, మార్చాలి.

మార్చి 28, శుక్రవారం

దిండు మార్చాను. ఇది మరీ మెత్తగా ఉంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

మంత్రిగారి ప్రసంగం కోసం మీటింగు. ఆయన రాలేదు, మేమంతా ఉన్నాం. రిపోర్టు చేతులు మారింది. మీసాలాయన ఆఖరి పేజీ దాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చి, “మేడం, నిలుపుదల సంగతి నాకు కనిపించలేదే. కళ్ళజోడు మార్చుకోవాలా?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ రోజు తలుపు బాదింది ఆయనే.

నేను నోరు తెరిచేలోపు ఇస్త్రీ అందుకున్నాడు. “మాట బయటికి వెళ్ళాక వెనక్కి తీసుకునే రకం అని తెలిస్తే నలుగురిలో లోకువైపోతామండీ. ఇప్పుడెందుకు కదపడం? తర్వాత అవే సర్దుకుంటాయి.”

నాకు చెవులు వేడెక్కిపోయాయి. అవి నా మాటలు. ఇంట్లో, పెరుగు గిన్నె దగ్గర, మా అమ్మాయితో అన్నవి. ఒకటి రెండు మాటలే తేడా. ఇస్త్రీ ఏనాడూ మా ఇంటికి భోజనానికి రాలేదు. మరి నా మాటలు ఆయన నోట్లోకి ఎలా వచ్చాయి? ఎలా ఏమిటి, ఇది ఎవరు చెప్పినా ఇలాగే ఉంటుంది. పరువు కోసం చెప్పే మాట ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉండదు కాబోలు.

ఆ మాట వేరేవాళ్ళ నోట విన్నప్పుడు ఎంత అన్యాయంగా ఉందో!

“ఆ వాక్యం నేనే తీశాను. నేనే మళ్ళీ పెడుతున్నాను” అన్నాను.

కార్యదర్శిగారు నావైపు జాలిగా చూశారు. ఇస్త్రీ తన చొక్కా చేతులు సర్దుకున్నాడు. మీసాలాయన మాత్రం, “హమ్మయ్య, కళ్ళజోడు బాగానే ఉంది” అన్నాడు.

పెందలాడే ఇంటికెళ్ళాను. అమ్మాయి అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. గుమ్మంలోనే అడిగాను.

“నిజంగా వద్దా?”

“వద్దమ్మా.”

“మరి ఇన్నాళ్ళూ గట్టిగా ఎందుకు చెప్పలేదే?”

“ఎలా చెప్పాలో తెలీక. సరే అనడం ఎలాగో అందరూ చెప్పారు. వద్దనడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.” ఏడుపు ఆపుకుంటోంది. “నీకు తెలుసా?”

“నాకూ తెలీదు. పద, ఇద్దరం కలిసి నేర్చుకుందాం.”

చెప్పు ఒక కాలికే ఉండగా నన్ను పట్టేసుకుంది. ఎంత కాలమైందో అది అలా పట్టుకుని.

ఏప్రిల్ 3, గురువారం

సెలవు పెట్టాను. ఫోన్లు చేయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? అత్తయ్య సలహా ఇచ్చారు. “ఆఖరున పిలిచినవాళ్ళతో మొదలుపెట్టమ్మాయ్. వాళ్ళింకా ప్రయాణానికి బట్టలు సర్దుకుని ఉండరు.” నాకూ సబబుగా తోచింది. ఆఖరున పిలిచింది మా పిన్ని కూతుర్ని. నంబరు నొక్కాను. అవతల మోగుతోంది.

మా ఆయన పరుగున వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేశారు.

“నీకేమైనా పిచ్చా! మీ పిన్ని కూతురికి చెబితే అబ్బాయి వాళ్ళమ్మకి మధ్యాహ్నంలోపు తెలిసిపోతుంది, అదీ మసాలాతో. ఎవరికి దెబ్బ ఎక్కువ తగులుతుందో ముందు వాళ్ళకి చెప్పాలి. మిగతావాళ్ళు తర్వాత, ఏ వరుసలోనైనా పరవాలేదు.”

ఖాళీ చేత్తో అలాగే నిలబడిపోయాను. పిలవడానికి ఒక వరుస. ఆపడానికి అదే వరుసని తిరగేస్తే చాలదు, ఆపడానికి దాని వరుస దానికి ఉంటుంది. మా పుస్తకంలో ఇన్నేళ్ళుగా ఉన్న తప్పు ఆ తలుపు కాదు. ‘తిరుగు వరుసలో’ అన్న ఆ ఒక్క వాక్యం. తలుపు బాగుచేసినా అది తప్పే.

అబ్బాయి తల్లికి నేనే చేశాను. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. రాజీనామా ఇచ్చేటప్పుడు కూడా ఇంత భయం వేయదేమో. చెప్పాను. తప్పు మీ అబ్బాయిది కాదు, మా అమ్మాయిదీ కాదు, మాట మేం వెనక్కి తీసుకుంటున్నాం, క్షమించమని అడిగాను.  

“వదినగారూ” అందావిడ. “మావాడు కూడా కొన్నాళ్ళుగా అన్నం సరిగ్గా తినట్లేదు. అడుగుదామంటే, ఈ పాటికి మీరు ఏర్పాట్లన్నీ చేసేసుకుని ఉంటారు, ఏమనుకుంటారో అని ఊరుకున్నాను.”

“మేమూ అలాగే ఊరుకున్నాం.”

“రామ రామ! ఇద్దరం భయపడుతూ కూర్చుని పిల్లల్ని తోసేసేవాళ్ళం” అని ఏడ్చింది, వెంటనే నవ్వింది. నేనూ అంతే. తర్వాత ఆవిడ ఊరగాయ ఎలా పెడుతుందో కూడా చెప్పింది. వియ్యపురాలు కాలేదు గానీ స్నేహితురాలయ్యేలా ఉంది.

మిగతా ఫోన్లు అమ్మాయే చేసింది. మొదటిదానికి చీటీ మీద రాసుకుని చదివింది. సాయంత్రానికి కూరగాయలు బేరమాడినంత ధీమాగా చెప్పేస్తోంది. మా పిన్ని కూతురు మాత్రం, పొద్దున మిస్డ్ కాల్ ఎందుకిచ్చారని ఇంకా అడుగుతోంది.

ఏప్రిల్ 7, సోమవారం

మంత్రిగారిని కలిశాను. కార్యదర్శిగారు పక్కనే కూర్చుని ఫ్యాను చూస్తూ ఉన్నారు.

పెద్దాయన రిపోర్టు పక్కన పెట్టి, నోటితో చెప్పమన్నారు. మొదటాయన కప్పు పైకెత్తి నవ్వడం దాకా చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

“ఇది ఇలా ఉందని నా ముందువాళ్ళకి తెలుసా?”

“ఎవరూ అడగలేదండీ. డ్రిల్లు అక్కడితో ఆగిపోయేది.”

“సభలో ఏం చెప్పమంటారు నన్ను?”

“ఇప్పుడేమీ చెప్పకండి. ముందు బాగుచేయనివ్వండి. తర్వాత మీరు చెప్పేది నిజమవుతుంది.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఈ నెలలోనే మీ బోర్డు ఉంది కదా?”

“ఉందండీ.”

“తెలిసే వచ్చారా?”

“తెలిసే వచ్చానండీ.”

“పంపమని చెప్పాల్సింది నేను. ఈ కుర్చీలో కూర్చున్న రోజే అది ఎలాగో నేర్పారు. ఆపమని చెప్పడం ఎలాగో ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “వచ్చే నెల మళ్ళీ డ్రిల్లు పెట్టండి. నేనూ వస్తాను.”

బయటికొచ్చాక కార్యదర్శిగారు, “కుర్చీ పోగొట్టుకున్నావమ్మా” అన్నారు. తర్వాత, మెట్లు దిగుతూ, “ఈ పని నేను చేసుండాల్సింది” అన్నారు. అది నాతో అన్నారో, మెట్లతో అన్నారో తెలీదు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇస్త్రీకి వచ్చింది.

ఆ కుర్చీ మీద ఆశ లేదని మొదటి రోజే రాశాను. అబద్ధం. చాలా ఉండేది. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని అద్దంలో చూసుకుంటే, అనుకున్నంత దిగులుగా లేదు.

సాయంత్రం ఇస్త్రీ నా గదికి వచ్చాడు. మొదటిసారి ఆయన చొక్కా నలిగి కనిపించింది.

“మేడం, ఆ రోజు నా ముక్క చదివేసి మొదటాయన కోసం పక్కకి తిరిగి చూశాను. ఖాళీ కుర్చీ. అప్పటి నుంచీ నాకూ నిద్ర లేదు. మీటింగులో అలా ఎందుకు మాట్లాడానంటే...”

“వద్దులెండి. ఆ మాటలు నేనూ అన్నాను.”

అర్థం కాక చూశాడు. తర్వాత, “కొత్త నిలుపుదల మీరే రాయండి, డ్రిల్లు మీరే నడపండి. సంతకాలు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను” అన్నాడు.

ఆయనకి ఆ పేరు పెట్టినందుకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

ఏప్రిల్ 27, ఆదివారం

పెళ్ళి జరగాల్సిన రోజు. అమ్మాయి అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు పరీక్షించింది. “ఇది బాగుందా బామ్మా, ఇదా?” “రెండింట్లోనూ నువ్వు చిక్కిపోయావే” అన్నారు అత్తయ్య. అది పకపకా నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

మే 15, గురువారం

డ్రిల్లు అయింది.

మొదటాయనకి గదిలోనే, గాజు తెర వెనక, కుర్చీ వేయించాను. ఎవరి ముక్కా ఆయనకి వినిపించదు, మంత్రిగారి మైకు ఒక్కటే వినిపిస్తుంది, ఆయన మాత్రం మాకు అందుబాటులో ఉంటాడు. కుర్చీ కాలు ఒకటి పొట్టిది, కాగితం మడిచి కింద పెట్టాం. ఆ కాగితంలో రహస్యమేమీ లేదని ఇస్త్రీ రెండుసార్లు చూశాడు.

నలుగురూ చదివారు. “పంపాం.” అలవాటుగా ఒకాయన చప్పట్లకి చేతులెత్తి, దించేసుకున్నాడు.

ఇప్పుడు కొత్త వరుస. దెబ్బకి దగ్గరగా ఉన్నవాళ్ళకి, అంటే ఆయుధాల దగ్గర కూర్చున్నవాళ్ళకి, ముందు. సంజాయిషీలు, సంతకాలు అన్నీ తర్వాత. ముందు ఒక్క మాటే వెళ్ళాలి. అది నిజంగా మంత్రిగారే అంటున్నారని తేల్చే పని మొదటాయనది. పెద్దాయన గొంతు సవరించుకుని, “ఆగండి” అన్నారు. ఎంత చిన్నగా అన్నారంటే, మళ్ళీ అనమని సైగ చేయాల్సి వచ్చింది. “ఆగండి!”

గాజు వెనక మొదటాయన తల ఊపి, తన ముక్క చదివాడు.

ఎదురుచూశాం. గోడ మీద గడియారం వైపు ఎవరూ చూడలేదు. అందరం ఆ చిన్న స్పీకరు వైపే చూస్తున్నాం. అక్కడ, ఎంతో దూరంలో, మాకు ముఖం తెలియని ఎవరో ఒక అబ్బాయో అమ్మాయో.

“ఆగాం” అని వినిపించింది.

 మీసాలాయన చేతిరుమాలుతో మీసం తుడుచుకున్నాడు. టీ ఇంకా తాగలేదు ఆయన.

తలుపు తెరిచేసరికి టీ చల్లారిపోయింది. అదే తాగాం.

ఇంటికొస్తే అత్తయ్య వాకిట్లో కూర్చుని ఉన్నారు. “ముఖం కళకళలాడుతోంది. ఏం చేశారేంటి ఇవాళ మీ కరెంటాఫీసులో?”

ఏం చెప్పాలి? చెప్పకూడదు. కానీ ఇవాళ చెప్పకుండా ఉండలేకపోయాను.

“ఒక పెద్ద స్విచ్చుంది అత్తయ్యా. దాన్ని ఆపడం నేర్చుకున్నాం.”

“వేయడం వచ్చా?”

“అది ముందు నుంచీ వచ్చు.”

“ఆపడం ఇవాళే నేర్చుకున్నారా?”

“ఇవాళే.”

అత్తయ్య కొత్త కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి నన్ను ఎగాదిగా చూశారు.

“మరి ఇన్నేళ్ళూ మేమంతా ఏ ధైర్యంతో పడుకున్నామే!”

 ఆవిడ పక్కన మెట్టు మీద కూలబడ్డాను. నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, “సరేలే, నేర్చుకున్నారుగా. లోపలికి పద, అన్నం తిని పడుకో” అన్నారు.

తిన్నాను. ఇది రాస్తుంటేనే కళ్ళు మూతలు పడుతున్నాయి. పాత దిండే తీసుకున్నాను, బాగానే ఉంది.